ఒకటి నాలుగు రెండు ఎనిమిది ఐదు ఏడు

ఇచ్చోడలో బస్సు ఆగితే చాయ్ తాగుదామని దిగాను. పక్క బెంచీ మీద జైనూర్‌లో కిరాణా దుకాణం నడిపే షావుకారు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు జైనూర్ పోయినప్పుడు ఆయన దుకాణం ముందే బస్సు కోసం పడిగాపులు పడ్డాను, ఆ పరిచయం. నన్ను గుర్తుపట్టి, చాయ్ సాసర్లో పోసుకుంటూ, వానల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"మీ చెన్నూరు సారు పోయిండు పంతులూ. గా లెక్కల సారు. జరమొచ్చింది, తగ్గలే. ఉట్నూరు దవాఖానకు తీస్కపోదామని బండి కట్టేలోపల్నే పానం పోయింది."

"ఎప్పుడు?"

"అయిపాయె, పోయిన నెల. మీకెవలు చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? చెన్నూరులో ఆయన ఉండిన ఇంట్లో ఇప్పుడెవరో తునికాకు కాంట్రాక్టరు ఉంటున్నాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో ఇద్దరు ఇంజనీర్లయ్యారు, ఒకడు మందమర్రి గనుల్లో పెద్ద ఉద్యోగి. వాళ్ళకు తీరిక ఎక్కడిది?

"మీ ఊళ్ళో ఆయన చెప్పే బడి ఏమైంది?" అని అడిగాను, ఇంకేం అడగాలో తోచక.

"కొత్త సారు వచ్చిండు. మంచోడే" అన్నాడు షావుకారు. బస్సు హారన్ కొట్టింది. సగం చాయ్ వదిలేసి ఎక్కాను. ఆదిలాబాద్ దాకా కిటికీలోంచి ఏం చూశానో నాకు గుర్తు లేదు. ఒళ్ళంతా మంటగా ఉంది. ఎవరి మీదో తెలిస్తే దిగి నాలుగు తిట్టి వచ్చేవాణ్ని.

ఆయన పేరు రాయను. అసలు ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. చెన్నూరుకంతా లెక్కల సారు.

నేను ఆ బడిలో తెలుగు పంతులుగా చేరింది పోలీసు యాక్షన్ అయిన కొత్తలో. ఊళ్ళలో ఇంకా మిలట్రీ బండ్లు తిరుగుతున్నాయి. మాది మంథని. వ్యాకరణమూ నాలుగు కావ్యాలూ నెత్తికెత్తుకుని వచ్చాను గాని, ఆ బడిలో తెలుగు పంతులంటే చెప్పులు విడిచే చోట నిలబడే మనిషి. చరిత్ర, సైన్సు, లెక్కలు అన్నీ ఉర్దూలోనే. మాస్టర్ల గదిలో నాకు కుర్చీ కూడా వేయలేదు. మొదటి రోజు గోడకు ఆనుకుని నిలబడి ఉంటే, ఒక పొడుగాటి మనిషి తన కుర్చీలో సగానికి జరిగి, "నిలవడితే జీతం ఎక్కువియ్యరు పంతులూ, ఈడ కూసో" అన్నాడు. అట్లా ఒకే కుర్చీలో చెరిసగం కూర్చుని చాలాకాలం గడిపాము.

నల్ల షేర్వానీ, మెడ దగ్గర గుండీ ఎప్పుడూ ఊడే ఉండేది. కుడిచేతి వేళ్ళు సుద్దతో తెల్లగా, ఎడమచేతి వేళ్ళు బీడీలతో పచ్చగా ఉండేవి. కోపం ముక్కు మీదే. బోర్డు మీద పిల్లవాడు ఒక్క అంకె తప్పు వేస్తే, ఆ ఒక్క అంకె తుడిచి సరిచేయడం ఆయనకు గిట్టదు. బోర్డంతా తుడిచి మొదటికి రమ్మనేవాడు. "పాలల్ల ఉప్పువడితే ఉప్పు ఏరుకుంట కూసుంటరారా?" అనేవాడు. లెక్క ముగిశాక "బరాబర్?" అని ఆగేవాడు. క్లాసంతా "బరాబర్" అంటే గాని సుద్ద కింద పెట్టడు. ఇంట్లో కూడా అంతే. భార్య అన్నం వడ్డిస్తే ఉప్పు చూసి "బరాబర్" అనేవాడు. "మీ సారు చేసేది సంసారం గాదు, తనిఖీ" అని ఆమె నాతో మొత్తుకునేది.

ఆయన ప్రాణమంతా ఒక్క సంఖ్య మీద ఉండేది. మనుషులకు ఇలవేల్పు ఉన్నట్టు ఆయనకు ఆ సంఖ్య. 142857.

మొదటిసారి నాకు దాన్ని చూపించింది బజారులో చాయ్ హోటలు బల్ల మీద. గ్లాసులో వేలు ముంచి, ఆ తడివేలితో ఆరు అంకెలూ గుండ్రంగా రాశాడు.

"రెండుతోని జరబ్ కొట్టు పంతులూ."

గుణించడాన్ని ఆయన ఎప్పుడూ జరబ్ కొట్టడమనే అనేవాడు. నేను తంటాలు పడి గుణించాను. 285714 వచ్చింది.

"ఇగ మూడుతోని."

428571. నాకు అప్పుడు వెలిగింది. అంకెలు అవే. వరుస కూడా అదే. మొదలుపెట్టే చోటు మాత్రం మారింది. నాలుగుతో కొడితే 571428, ఐదుతో 714285, ఆరుతో 857142. గానుగెద్దు ఎన్ని చుట్లు తిరిగినా ఆ గానుగ చుట్టే తిరిగినట్టు, ఆ ఆరు అంకెలూ ఆ గుండ్రంలోనే తిరుగుతున్నాయి. మూడు లేదు, ఆరు లేదు, తొమ్మిది లేదు, సున్నా లేదు. బయటివాణ్ని లోపలికి రానివ్వవు.

"ఎదురెదురుగ కూసున్నోళ్ళను కలుపు" అన్నాడు. ఒకటికి ఎదురుగా ఎనిమిది, నాలుగుకు ఎదురుగా ఐదు, రెండుకు ఎదురుగా ఏడు. ఎవరిని కలిపినా తొమ్మిదే.

"ఎనిమిదితోని కొడితే తప్పిచ్చుకుంటది సార్" అన్నాను, గెలిచినట్టు. 1142856 వచ్చింది.

"ఏడ తప్పిచ్చుకుంటది? ముందటి ఒకటిని కోసి ఎనుక కలుపు."

కోసి చివరి ఆరుకు కలిపాను. మళ్ళీ 142857. ఆ తడి అంకెలు ఆరిపోయేదాకా బల్ల వైపే చూస్తూ ఆయన బీడీ తాగాడు. ఆ ముఖంలో ఉన్న సంతోషాన్ని ఆయన కూతురి పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

ఏడుతో కొడితే మాత్రం ఆట ముగుస్తుంది. అన్నీ తొమ్మిదులే, 999999.

ఈ సంఖ్యతోనే ఆయన లోకాన్నంతా తిట్టేవాడు. మా కళ్ళముందే నిజాం పోయాడు, మిలట్రీ పాలన వచ్చింది, అది పోయి ఓట్లు వచ్చాయి, ఆపైన ఆంధ్రప్రదేశ్ అయింది. తహసీలు కచేరీకి పోతే మాత్రం అవే ముఖాలు. నిజాం కాలంలో రుమీటోపీ పెట్టుకుని మమ్మల్ని ఎండలో నిలబెట్టిన దొర, ఖద్దరు టోపీ పెట్టుకుని నీడలో నిలబెట్టాడు. అంతే తేడా. లెక్కల సారు మెట్లు దిగుతూ, "రెండుతోని కొట్టిండ్రు, మూడుతోని కొట్టిండ్రు, నాలుగుతోని కొట్టిండ్రు. గవే అంకెలు పంతులూ. కుర్సీలు మారినయి" అనేవాడు.

"ఏడుతో ఎప్పుడు కొడతారు సార్? అందరూ తొమ్మిదులయ్యేది ఎప్పుడు?"

"గా ఏడును రానియ్యరు గద!" అని పకపకా నవ్వేవాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చేది.

ఆ సంఖ్యను ఆయన కింది తరగతులకు చూపించేవాడు కాదు. ఆరో తరగతి నుంచి పిల్లలకు ఎక్కాలు నూరిపోసి, భిన్నాలు నూరిపోసి, పై తరగతికి వచ్చాక, ఏడాదిలో ఒక్క పాఠంలో దాన్ని బయటికి తీసేవాడు. ఒకటిని ఏడుతో భాగించడంతో ఆ పాఠం మొదలు. ఊళ్ళో దానికి ఏడు పాఠం అని పేరు. అన్నలు తమ్ముళ్ళకు చెప్పకుండా దాచేవారు. ఆ ఒక్క పాఠం కోసమే ఆయన ఏడాది పొడుగునా బండచాకిరీ చేసేవాడని నా నమ్మకం. హెడ్మాస్టరు పదవి ఇస్తామంటే వద్దన్నాడు. పై తరగతి లెక్కలు ఆయన చేతిలో ఉంటే చాలు, ఇంకేదీ అక్కరలేదు.

దాని మీదికే వచ్చింది.

చదువులు తెలుగులోకి మారాయి. మంచిదే. తెలుగు పిల్లలకు తెలుగులో చెప్పకూడదని నేనెందుకంటాను? నాకు కుర్చీ వచ్చింది కూడా అప్పుడే. అయితే పైనుంచి ఇంకో హుకుం వచ్చింది. ఉర్దూలో చదువుకున్న మాస్టర్లు తెలుగులో పాఠం చెప్పగలమని తనిఖీకి వచ్చే అధికారి ముందు చెప్పి చూపించాలి. చూపించలేనివాళ్ళకు పై తరగతులు ఉండవు.

లెక్కల సారు తెలుగువాడే. కన్న అవ్వా బాపూ తెలుగువాళ్ళే. పొలంలో ఎద్దును తిట్టినా, ఇంట్లో భార్యతో పోట్లాడినా తెలుగే. కాని బళ్ళో వేసింది ఉర్దూలో. అక్షరాలు ఉర్దూ, ఎక్కాలు ఉర్దూ. ఆనాడు ఇంకో బడి ఉంటే కదా! తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు, ఒత్తులు వస్తే చెమటలు పట్టేవి.

సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద నేను ఆయనకు తెలుగు నేర్పాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అక్షరాలు వచ్చాయి. కొత్త లెక్కల మాటలు మాత్రం గొంతు దిగలేదు.

"ముసల్లస్‌ను ఏమనాలె?"

"త్రిభుజం సార్."

"మా అవ్వ మూడు మూలలది అంటది. ముసల్లస్ నాది గాదు, ఒప్పుకుంట. గీ త్రిభుజం ఎవలది పంతులూ?"

పుస్తకంలో అట్లా ఉంది సార్ అన్నాను. పుస్తకం రాసినవాళ్ళను నోరారా తిట్టి, మళ్ళీ పలక అందుకునేవాడు. లవం, హారం, శేషం, ఆవర్తన దశాంశం. గోదారిలో స్నానం చేస్తూ కూడా వల్లె వేసేవాడు. పట్టుదల అంటే అది.

అధికారి వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, సౌమ్యుడు. ఆయన దుర్మార్గుడై ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది, తిట్టుకోవడానికి. "మీకు వీలైన పాఠమే చెప్పండి మాస్టారూ, కంగారు పడకండి" అన్నాడు. లెక్కల సారు ఏడు పాఠం ఎంచుకున్నాడు. నేను వద్దన్నాను. త్రిభుజాలు చెప్పండి, బట్టీ పట్టింది అప్పజెప్పినట్టు ఉంటుందన్నాను. "నాకు వచ్చిన దాంట్లె మంచిది అదే పంతులూ. మంచిదే పెట్టాలె గద సుట్టానికి" అన్నాడు.

షేర్వానీ మానేసి ధోవతి కట్టుకుని వచ్చాడు. అధికారి వెనక బెంచీలో కూర్చున్నాడు, పక్కన హెడ్మాస్టరూ నేనూ. పాఠం చక్కగా మొదలైంది. "ఒకటి లవము. ఏడు హారము. లవము హారము కన్నా చిన్నది, కావున దశాంశ బిందువు పెట్టుదము." గ్రాంథికంగా ఉన్నా తప్పు లేదు. నా ప్రాణం కుదుటపడింది. సుద్ద తీసుకుని భాగించడం మొదలుపెట్టాడు. పదిలో ఏడు ఒకసారి పోతుంది.

"సాత్ ఎకమ్ సాత్" అన్నాడు.

ఉర్దూలోకి జారిపోయాడు. ఆయనకు తెలియదు. నిజంగా తెలియదు. ఎక్కం అనేది ఆలోచించి చెప్పేది కాదు కదా, నాలుక మీద ఉండేది. చిన్నప్పుడు ఏ భాషలో పడితే ఆ భాషలోనే ఉంటుంది. చెయ్యి బోర్డు మీద పరుగెత్తుతుంటే నోరు దాని వెంట పోయింది.

"బాఖీ తీన్. సాత్ చౌకే?"

"అట్ఠాయీస్!" క్లాసంతా అరిచింది. వాళ్ళకు ఎక్కాలు నేర్పింది ఆయనే, ఆ భాషలోనే. లెక్కల గంటలో పిల్లల నోళ్ళలోనూ అదే.

"బాఖీ దో. సాత్ దూనీ?"

"చౌదా!"

సాత్ అట్ఠే ఛప్పన్, సాత్ పంజే పైంతీస్, సాత్ సత్తే ఉంచాస్. గది కప్పు ఎగిరిపోతుందేమో అన్నట్టు అరిచారు. హెడ్మాస్టరు దగ్గాడు. నేను కాలు నేలకేసి కొట్టాను. ఆయనకు వినపడలేదు. బోర్డు మీద ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు, మళ్ళీ ఒకటి. ఆ తర్వాత దాన్ని గుండ్రంగా రాసి, రెండుతో కొట్టి, మూడుతో కొట్టి, పిల్లలను గుక్క తిప్పుకోనివ్వకుండా ఏడు దాకా తీసుకుపోయాడు. తొమ్మిదులు వరుసగా వచ్చినప్పుడు ఒక పిల్లవాడు ఆనందం పట్టలేక బెంచీ ఎక్కాడు. నేను అంతకంటే మంచి పాఠం ఎవరి దగ్గరా వినలేదు.

"బరాబర్?" అని సుద్ద చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాడు. అప్పుడు మా ముఖాలు చూశాడు. ఏం జరిగిందో అర్థమైంది.

అధికారి లేచి వచ్చి బోర్డు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "అద్భుతమైన సంఖ్య మాస్టారూ. నాకు తెలియదండీ ఇన్నాళ్ళూ" అన్నాడు. తర్వాత కొంచెం ఇబ్బందిగా, "మీ మాతృభాష ఉర్దూనా అండీ?" అని అడిగాడు.

"తెలుగే" అన్నాడు లెక్కల సారు.

"మరి?"

ఆయన సుద్ద కింద పెట్టేశాడు. అధికారి తల వంచుకుని వెళ్ళిపోయాడు. తెలుగులో బోధించలేరు అని రాసిపెట్టి పోయాడని తర్వాత తెలిసింది. రాసింది అబద్ధం కూడా కాదు.

జైనూర్‌కు బదిలీ అయింది. అడవి ఊరు, ఒకే మాస్టరు ఉండే చిన్న బడి. సామాను బండికెక్కిస్తుంటే నేను పోయాను. ఆయన బండి చక్రం పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"లెక్క తప్పు చెప్పిండని రాస్తే కొట్లాడుతుంటి పంతులూ, హైదరాబాదు దాకా పోతుంటి. తెలుగు రాదని రాసిండ్రు. మా అవ్వ అడిగింది, ఏమాయెరా బిడ్డా అని. ఆమెకు ఏమని చెప్పాలె?"

ఆ ముసలమ్మ అప్పటికే బండిలో కూర్చుని ఉంది. ఆమెకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు.

ఆయన స్థానంలో గుంటూరు వైపు నుంచి ఒక యువకుడు వచ్చాడు. లెక్కలు బాగానే చెప్పేవాడు, పిల్లలతో ప్రేమగా ఉండేవాడు. ఆవర్తన దశాంశం పాఠం పుస్తకంలో ఉన్నంతవరకు చెప్పి ముగించేవాడు. నాకు అతనితో ఏ పేచీ లేదు. కాని అతను క్లాసులో ఉన్నప్పుడు నేను ఆ వరండాలోంచి నడిచేవాణ్ని కాదు.

కొన్నేళ్ళ తర్వాత ఎన్నికల డ్యూటీ మీద జైనూర్‌లో పడ్డాను. పోలింగు అయిన మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి పోయాను. బాగా చిక్కిపోయాడు. అవ్వ పోయిందట, భార్య కూతురి దగ్గర ఉందట. చాయ్ తనే కాచి ఇచ్చాడు.

"తెలుగు పరీక్ష పాసైన పంతులూ" అన్నాడు. "ఈడ పొద్దుగూకులు తెలుగే గద నోట్లె. పిల్లలకు ఒక్క ముక్క సమజ్ గాదు. అందరు గోండోళ్ళ పిల్లలు."

"పాసైతే మళ్ళీ చెన్నూరుకు పిలవాలి గదా?"

"జాగ లేదట."

ఆ సంఖ్య గురించి నేనే ఎత్తాను. పొయ్యి దగ్గర బొగ్గు తీసి, నేల మీద రాసి చూపించాడు. ఆ ఊళ్ళో ఒంటరిగా కూర్చుని కొత్తది ఒకటి పట్టాడట. 142857ను దానితోనే గుణిస్తే 20408122449. దాన్ని రెండు ముక్కలు చేసి, 20408కి 122449 కలిపితే మళ్ళీ 142857. నేను నోరు తెరిచాను. "ఎంతమందికి చూపించారు సార్?" అన్నాను.

"ఎవలకు సూపాలె?" అని కాలితో తుడిచేశాడు.

బడి వేళయింది. నన్నూ రమ్మన్నాడు. గడ్డి కప్పిన కొట్టం, నేల మీద పిల్లలు. ఎక్కాలు మొదలుపెట్టించాడు. తెలుగులో. తొమ్మిదొకట్ల తొమ్మిది, తొమ్మిది రెండ్లు పద్దెనిమిది. ఆయన నోట ఎక్కడా తడబాటు లేదు. పిల్లలు అర్థం తెలియని మంత్రంలా పాడుతున్నారు. వారం రోజుల్లో తనిఖీ ఉందట. ఎక్కాలు తెలుగులో వచ్చాయా లేదా అన్నదే చూస్తారట.

ముందు వరుసలో ఉన్న ఒక చిన్న ఆడపిల్లను లేపాడు.

"తొమ్మిదార్లు ఎంత?"

పిల్ల పెదవులు కదిలాయి. వేళ్ళు మడిచింది, విప్పింది, కళ్ళు మెరిశాయి. గట్టిగా ఒక మాట అంది. గోండి మాట. నాకు తెలియలేదు.

"యాభై నాలుగు. సరిగ్గ చెప్పింది పంతులూ, హుషారున్నది" అని నాతో మెల్లగా అన్నాడు. అని, గోడకు ఆనించిన బెత్తం తీశాడు.

"తెలుగుల చెప్పు."

పిల్ల ఆయన ముఖంలోకి చూసి మళ్ళీ అదే మాట అంది. అరచేయి పట్టమన్నాడు. పట్టింది. ఒక్కటి వేశాడు.

నేను ఉండబట్టలేక, "సరిగ్గానే చెప్పిందంటిరి గదా సార్" అన్నాను.

"నేను గూడ సరిగ్గనే చెప్పిన" అన్నాడు. "గీ పిల్ల నా తీరు కావద్దు."

పిల్ల ఏడవలేదు. అరచేతిని గౌనుకు రాసుకుంది. కప్పు వైపు చూసి, ఎక్కడో వెతికి వెతికి, ఒక్కొక్క మాటే బయటికి తీసింది.

"అరవై... నాలుగు."

లెక్కల సారు బెత్తం గోడకు ఆనించాడు.

"శాబాష్" అన్నాడు. "కూసో."